పాత ఇంట్లో క్రిస్మస్ మారియోనెట్ షో వెయ్యాలంటే: ఇల్లు చూడడం నుంచి బొమ్మలు సర్దుకునేదాకా

అమెరికా ఈస్ట్ కోస్ట్‌లో ఉండేవాళ్ళకి తెలిసిందే, ఏ టౌన్‌కి వెళ్ళినా ఒక పాత ఇల్లు ఉంటుంది, 1700ల్లోదో 1800ల్లోదో, దాన్ని హిస్టారికల్ సొసైటీ వాళ్ళో కౌంటీ వాళ్ళో మ్యూజియంలా చూసుకుంటూ ఉంటారు. డిసెంబర్ వచ్చిందంటే గుమ్మాలకి ఆకుల దండలు కట్టి, కిటికీల్లో బ్యాటరీ కొవ్వొత్తులు పెట్టి, పిల్లలున్న ఫ్యామిలీల కోసం ఏదో ఒక ప్రోగ్రాం పెడతారు. అలాంటి చోట మారియోనెట్ షోకి, అంటే దారాలతో ఆడించే కొయ్యబొమ్మల ఆటకి సాటి వచ్చేది ఇంకోటి లేదని నా గట్టి నమ్మకం, ఎందుకంటే ఆ గదులు చిన్నవి, బొమ్మలూ చిన్నవి, రెండూ ఒకదానికొకటి సరిపోతాయి. కాకపోతే హాల్లో వేసే షో పట్టుకెళ్ళి ఆ ఇంట్లో పెడితే కుదరదు, గది ఎంతుందో ఆట అంతే ఉండాలి. మిగతాదంతా దాని చుట్టూ తిరిగేదే.

1. బొమ్మల సంగతి తర్వాత, ముందు ఇల్లు చూడండి

అక్టోబర్‌లోనే ఒకసారి వెళ్ళండి, టేపు, నోట్‌బుక్, ఫోన్ పట్టుకుని. గది పొడవు వెడల్పు, సీలింగ్ ఎత్తు, తలుపులు ఎటు తెరుచుకుంటాయి, ఫైర్‌ప్లేస్ ఎక్కడుంది, కిటికీ వెలుతురు మధ్యాహ్నం ఎటు నుంచి పడుతుంది, ఇవన్నీ రాసుకోండి. మామూలుగా కింది అంతస్తు పార్లర్, అంటే అతిథుల్ని కూర్చోబెట్టే ముందు గది ఇస్తారు, అదే మంచిది కూడా, స్ట్రోలర్లతో వచ్చేవాళ్ళూ వీల్‌చైర్‌లో వచ్చే తాతమ్మలూ మెట్లెక్కనక్కర్లేదు.

ఇంటిని చూసుకునేవాళ్ళని తప్పకుండా అడగాల్సినవి కొన్నున్నాయి. గదిలో ఎంతమందికి పర్మిషన్ ఉంది, రెండో దారి ఏది, ఏ వస్తువులు పక్కకి జరుపుతారు, ఏవి జరపరు (జరిపేది వాళ్ళే, మీరు ఒక్క కుర్చీ కూడా ముట్టుకోవద్దు), ప్లగ్ పాయింట్లు ఏ సర్క్యూట్ మీద ఉన్నాయి. కరెంటు విషయం తేలిగ్గా తీసుకోకండి. 15 ఆంపుల సర్క్యూట్ అంటే 120 వోల్టుల మీద 1800 వాట్లు, గంటల తరబడి వాడేటప్పుడు దాంట్లో 80 శాతం అంటే 1440 వాట్లు దాటకూడదు, అదే సర్క్యూట్ మీద పక్క గదిలో వాళ్ళ హీటర్ ఉంటే అది కూడా లెక్కే. ఎల్ఈడీ లైట్లు నాలుగు పెట్టుకుంటే 200 వాట్లు కూడా కావు, అందుకని ఎల్ఈడీలే వాడండి.

గోడకి టేపు అంటించకూడదు, మేకు కొట్టకూడదు, పొగ మెషీన్ వద్దు, గ్లిట్టర్ అసలే వద్దు, అది చెక్క నేల సందుల్లోకి పోతే ఏళ్ళ తరబడి బయటికి వస్తూనే ఉంటుంది. నిజమైన మంట ఏదీ ఉండకూడదు. తెర గుడ్డలు మంట అంటుకోని రకం కావాలి, కొనేటప్పుడు ఎన్ఎఫ్‌పీఏ 701 (గుడ్డకి మంట ఎలా అంటుకుంటుందో చూసే అమెరికన్ టెస్ట్) పాసైన సర్టిఫికెట్ అడిగి తీసుకుని ఫైల్లో పెట్టుకోండి, ఫైర్ మార్షల్ వస్తే మొదట అడిగేది అదే. లయబిలిటీ ఇన్సూరెన్స్ కాగితం కూడా చాలాచోట్ల అడుగుతారు.

ఈ రూల్స్ చూసి కొంతమంది నీరుగారిపోతారు. నాకైతే ఈ రూల్సే షోని మంచి షోగా మారుస్తాయనిపిస్తుంది, పొగ లేకుండా మంచు చూపించాలంటే బొమ్మ వణకాలి, బొమ్మ వణికితే పిల్లలు చలి ఉందని నమ్ముతారు.

2. కథ ఆ ఇంటి కాలానికి సరిపోవాలి

ఇక్కడ చాలామంది తొందరపడతారు. ఎర్ర కోటు శాంటా, లైట్ల చెట్టు, రెయిన్‌డీర్ అన్నీ కలిపేసి ఒక స్క్రిప్టు రాసేస్తారు. మీ ఇల్లు 1760ది అయితే ఆ ఇంట్లో అవేవీ లేవు. న్యూ ఇంగ్లండ్ వైపైతే, అంటే ఈశాన్య రాష్ట్రాల్లో, ఇంకా విచిత్రం, మసాచుసెట్స్ బే కాలనీలో 1659లో క్రిస్మస్ చేసుకుంటే 5 షిల్లింగుల జరిమానా అని చట్టం పెట్టారు, 1681 దాకా ఎత్తెయ్యలేదు. అలంకరించిన చెట్టు అమెరికన్ ఇళ్ళల్లోకి బాగా పాకింది 1850 తర్వాత, ఆ ఏడాది గోడీస్ లేడీస్ బుక్ అనే పత్రిక విక్టోరియా రాణి కుటుంబం చెట్టు బొమ్మని కొంచెం మార్చి వేసింది. మనం ఇవాళ చూసే గడ్డం తాత రూపం థామస్ నాస్ట్ హార్పర్స్ వీక్లీలో 1863 నుంచి గీస్తూ వచ్చినదాన్లోంచి పుట్టింది. క్రిస్మస్ ఫెడరల్ హాలిడే అయ్యింది 1870లో. చెట్టుకి కరెంటు బల్బులు పెట్టింది 1882లో, న్యూయార్క్‌లో ఎడ్వర్డ్ జాన్సన్ అని ఎడిసన్ దగ్గర పనిచేసినాయన, ఎరుపు తెలుపు నీలం 80 బల్బులు. న్యూజెర్సీలో ఎడిసన్ అనే ఊళ్ళో ఉండే మన పిల్లలకి ఈ ముక్క చెప్తే కళ్ళు పెద్దవి చేసుకుని వింటారు.

కాబట్టి ఇంటివాళ్ళని మూడు ప్రశ్నలు అడగండి: ఇల్లు ఏ సంవత్సరంది, ఎవరుండేవాళ్ళు, వంటగదిలో పిల్లలకి నచ్చే వస్తువు ఏముంది. మూడోది చాలా ముఖ్యం. ఉదాహరణకి ఆ రోజుల్లో చక్కెర పొడిగా వచ్చేది కాదు, కోన్ ఆకారంలో గట్టి దిమ్మగా నీలం కాగితంలో చుట్టి వచ్చేది, ఇనప పట్టకారుతో విరుచుకునేవాళ్ళు. చాలా ఇళ్ళల్లో ఆ పట్టకారు ఇంకా ఉంటుంది. దాని చుట్టూ కథ అల్లేయొచ్చు: వంటామె క్రిస్మస్ కేక్ కోసం చక్కెర దిమ్మ దాచింది, ఎలక దాని వాసన పట్టింది, ఇంటి చిన్నపిల్ల ఎలకని పట్టించాలా వద్దా అని తేల్చుకోలేకపోతోంది. అంతే కథ. షోలో చిన్న చెక్క దిమ్మ కనిపిస్తుంది, షో అయ్యాక పిల్లలు వంటగదిలోకి వెళ్ళి అసలైనదాన్ని వెతుక్కుంటారు. ఇంటివాళ్ళకి కావాల్సింది కూడా అదే కదా, జనం గదులు తిరిగి చూడడం.

ఒక్క విషయం మాత్రం గట్టిగా చెప్తాను. ఇలాంటి ఇళ్ళు చాలావాటిలో వంటగదిలో పనిచేసింది బానిసలుగా ఉన్న నల్లజాతి మనుషులు, సౌత్‌లోనే కాదు, న్యూజెర్సీలో కూడా, ఇక్కడ బానిసత్వాన్ని మెల్లమెల్లగా ఎత్తేస్తామని చట్టం వచ్చిందే 1804లో. వాళ్ళని నవ్వుతూ పాటలు పాడే పనివాళ్ళుగా బొమ్మల్లో చూపించకండి. ఆ చరిత్ర మూడేళ్ళ పిల్లలకి చెప్పే పద్ధతి మ్యూజియం వాళ్ళ దగ్గర ఉంటుంది, అడగండి, వాళ్ళు వద్దంటే ఎలకల కథకే పరిమితం అవ్వండి.

కాపీరైట్ సంగతి కూడా ఇక్కడే తేల్చుకోవాలి. 1823 డిసెంబర్ 23న న్యూయార్క్ రాష్ట్రంలో ట్రాయ్ సెంటినెల్ పత్రికలో వచ్చిన సెయింట్ నికొలస్ (శాంటా) పద్యం ఎవరైనా వాడుకోవచ్చు. సైలెంట్ నైట్ 1818ది, జింగిల్ బెల్స్ 1857ది, ఆ పాటలూ ఫ్రీయే. ఎర్ర ముక్కు రెయిన్‌డీర్ రుడాల్ఫ్ మాత్రం 1939లో మాంట్‌గమరీ వార్డ్ స్టోర్ వాళ్ళు పంచిన చిన్న పుస్తకంలో పుట్టినది, దానికి ఇంకా హక్కులున్నాయి, ముట్టుకోవద్దు. పాట పాతదే అయినా ఎవరో ఈమధ్య పాడి రికార్డ్ చేసింది ప్లే చేస్తే ఆ రికార్డింగ్‌కి వేరే హక్కులుంటాయి, అందుకని ఫిడేలో కీబోర్డో వచ్చిన ఫ్రెండ్‌ని పట్టుకుని లైవ్‌గా వాయించుకోవడం అన్నిటికంటే హాయి.

నిడివి 25 నిమిషాలు. మూడేళ్ళ నుంచి ఎనిమిదేళ్ళ పిల్లలకి అంతకుమించి వద్దు. మన తోలుబొమ్మలాటలో రామాయణం మధ్యలో కేతిగాడూ బంగారక్కా వచ్చి నవ్వించి పోతారు చూడండి, ఆ పద్ధతి ఇక్కడ బ్రహ్మాండంగా పనికొస్తుంది. ప్రతి ఏడెనిమిది నిమిషాలకి రెండు ఎలకలు వచ్చి గొడవపడి, ప్రేక్షకుల్లో ఎవర్నో ఒకర్ని అడిగి వెళ్ళిపోవాలి, ఆ గ్యాప్‌లో వెనక రెండో మనిషి తర్వాతి బొమ్మని తీసి సిద్ధం చేసుకుంటాడు.

3. బొమ్మలు

ఇద్దరు ఆడించేవాళ్ళకి అయిదు బొమ్మలు దాటొద్దు. ఎత్తు 18 నుంచి 20 అంగుళాలు, ఎలకలు 10 అంగుళాలు. కంట్రోల్‌తో (దారాలన్నీ కట్టి మనం చేత్తో పట్టుకునే చెక్క పట్టీ) కలిపి బరువు రెండు పౌండ్ల లోపు ఉండాలి, ఇంట్లో ఎత్తి చూస్తే తేలిగ్గానే ఉంటుంది కానీ మూడు షోలు చేసేసరికి భుజం పడిపోతుంది. మరీ తేలికైనా కష్టమే, కాళ్ళకి బరువు లేకపోతే గాల్లో ఊగుతుంటాయి, అందుకే పాదాల్లో సన్న సీసపు గుండ్లు కాకుండా స్టీల్ నట్లు పెట్టి మూసేస్తారు. చెక్క అయితే బాస్‌వుడ్ మెత్తగా చెక్కుకోవడానికి వీలుగా ఉంటుంది, మన కొండపల్లి బొమ్మల తెల్ల పొణికి లాంటి తేలిక చెక్క అనుకోండి. తల పేపర్ గుజ్జుతో చేసినా చక్కగా వస్తుంది. ముఖంలో నవ్వు గానీ ఏడుపు గానీ చెక్కకండి, మామూలుగా ఉంచండి, తల వంగితే దిగులుగా, పైకెత్తితే ఆశగా అదే కనిపిస్తుంది.

4. దారాలు కట్టడం

మామూలు బొమ్మకి తొమ్మిది దారాలు: తలకి రెండు చెవుల దగ్గర, భుజాలకి రెండు, నడుము వెనక ఒకటి, చేతులకి రెండు, మోకాళ్ళకి రెండు. దారం కోసం నల్లటి అల్లిక డాక్రాన్ చేపల దారం తీసుకోండి, 20 లేదా 30 పౌండ్ల బరువు ఆపేది. ప్లాస్టిక్ తీగలాంటి నైలాన్ గేలం దారం వద్దు, లైటు పడితే తళుక్కుమంటుంది, ఒకసారి మడత పడితే పోదు.

బొమ్మని నేల మీద పెట్టి కట్టకూడదు. ఒక స్టాండ్‌కి కంట్రోల్ వేలాడదీసి, మీ మోచెయ్యి ఎత్తులో ఉండేట్టు చూసుకోండి, మామూలు మనిషికి అది 40 నుంచి 42 అంగుళాలు. బొమ్మ 20 అంగుళాలైతే తల దారం దాదాపు అంతే పొడుగు వస్తుంది. ముందు భుజాలవి కట్టండి, బరువు మోసేవి అవే, పాదాలు నేలని తాకీ తాకనట్టు నిలబడాలి. తర్వాత తల దారాలు బిగువుగా, కానీ తలని పైకి లాగకుండా. తర్వాత నడుముది. చేతులవి వదులుగా, చేతులు పక్కన సహజంగా వేలాడాలి. మోకాళ్ళవి ఆఖర్న, మోకాలి కీలుకి కొంచెం పైన తొడ మీద.

మొదటిసారే గట్టి ముడి వెయ్యకండి, జారుముడి వేసి ఒకరోజు అలాగే వేలాడనివ్వండి, దారం కొంచెం సాగుతుంది, కీళ్ళు సర్దుకుంటాయి, అప్పుడు సరిచూసి బిగించి ముడి మీద తెల్ల జిగురు ఒక చుక్క వెయ్యండి. సూపర్‌గ్లూ వేస్తే దారం అక్కడ పెళుసై పుటుక్కుమంటుంది.

కంట్రోల్ రెండు రకాలు ఎక్కువ కనిపిస్తాయి. నిలువుది యూరప్ వైపు ఎక్కువ, అడ్డంగా విమానం ఆకారంలో ఉండేది అమెరికాలో ఎక్కువ. కొత్తవాళ్ళకి అడ్డంది తీసుకోమంటాను, మోకాళ్ళ దారాలు కట్టే కాళ్ళ పట్టీ విడిగా ఊడొస్తుంది కాబట్టి నడక నేర్చుకోవడం తేలిక.

5. నడిపించడం

ఈ భాగానికే మీ టైమ్‌లో సగం పెట్టండి. ప్రేక్షకులు దారాలు చూసి ఏమీ అనుకోరు, మీరు కనిపించినా అనుకోరు, కానీ బొమ్మ పాదాలు నేల విడిచి తేలాయంటే మాత్రం నమ్మకం పోతుంది, పిల్లలైతే వెంటనే "అది ఎగురుతోంది" అనేస్తారు.

మొదటి పాఠం నిలబడడం. అద్దం ముందు బొమ్మని రెండు నిమిషాలు ఊరికే నిలబెట్టి ఉంచండి, పాదాలు పూర్తిగా నేల మీద, మోకాళ్ళు వంగకుండా. చెయ్యి అలిసిపోతే తెలీకుండానే కిందికి దిగుతుంది, దాంతో బొమ్మ మోకాళ్ళ మీద కూలబడినట్టు అవుతుంది. మోచెయ్యి పక్కటెముకలకి ఆనించుకుంటే నిలుస్తుంది.

రెండోది చూపు. బొమ్మ ఎటు వెళ్ళాలన్నా ముందు తల అటు తిరగాలి, ఒక క్షణం ఆగాలి, తర్వాత ఒళ్ళు కదలాలి. మాట్లాడేటప్పుడు మాట్లాడే బొమ్మ ఒక్కటే కదలాలి, వినే బొమ్మ కదలకుండా అటే చూడాలి. ఈ ఒక్కటి పాటిస్తే ఇద్దరు కొత్తవాళ్ళు వేసిన షో కూడా గొప్పగా ఉంటుంది.

మూడోది నడక. ఎడం చేత్తో కంట్రోల్‌ని ఒకే ఎత్తులో ముందుకి తీసుకెళ్తూ కుడిచేత్తో కాళ్ళ పట్టీని అటూ ఇటూ వంచాలి, ఒక మోకాలు లేచినప్పుడు ఒళ్ళు కొంచెం ముందుకి, పాదం ఆనినప్పుడు ఆగాలి. నేల మీద అడుగుకో టేపు ముక్క అంటించి (మీ ఇంట్లో, వాళ్ళింట్లో కాదు) ఆ ముక్కల మీదే పాదం పడేలా ప్రాక్టీస్ చెయ్యండి. ముసలామె అడుగు నాలుగు అంగుళాలు, చిన్నపిల్లది ఆరు, ఎలకకి అడుగులే ఉండవు, రెండు సార్లు గెంతి ఆగి వాసన చూడడం.

దండం పెట్టినట్టు వంగడానికి నడుము దారాన్ని అక్కడే ఉంచి కంట్రోల్ ముందు భాగం కిందికి వాల్చాలి. కూర్చోబెట్టడానికి నడుము వెనక్కి, మోకాళ్ళు పైకి, మెల్లగా. మీ వేగం ఎంతనుకుంటున్నారో దాంట్లో సగం వేగంతో చెయ్యండి, చిన్న గదిలో దగ్గర నుంచి చూసేవాళ్ళకి బొమ్మ ఆలోచిస్తున్నట్టు కనిపించేది ఆ నిదానంలోనే.

దగ్గర్లో ఉంటే న్యూయార్క్ సెంట్రల్ పార్క్‌లో స్వీడిష్ కాటేజ్ చూసి రండి. 1876లో ఫిలడెల్ఫియాలో జరిగిన ప్రపంచ ఎగ్జిబిషన్ కోసం స్వీడన్ నుంచి తెచ్చి నిలబెట్టిన చెక్క ఇల్లు, మరుసటి ఏడాది పార్క్‌కి తరలించారు, 1973లో లోపల మారియోనెట్ థియేటర్ పెట్టారు. అలాంటిచోట ఒక గంట కూర్చుని నేర్చుకునేది యూట్యూబ్‌లో రాదు.

6. వేదిక, లైటు, గొంతు

పైన వంతెన మీద నిలబడి ఆడించే పెద్ద స్టేజీ పాత ఇంటికి వద్దు, బరువు, బిగించడం, రెండూ ఇబ్బందే. మనుషులు కనిపిస్తూ ఆడించే పద్ధతి మేలు. 12 అంగుళాల ఎత్తు, 8 అడుగుల పొడవు, 4 అడుగుల వెడల్పు మడత వేదిక, దాని మీదే మీరూ బొమ్మా. కింద మందపాటి ఫెల్ట్, పాత కార్పెట్ ఉంటే దాని మీద వేదిక అసలు పెట్టకండి. వెనక సొంతంగా నిలబడే ఫ్రేముకి నల్ల వెల్వెట్ తెర, నల్ల దారాలు అందులో కలిసిపోతాయి. ఆడించేవాళ్ళు నల్ల బట్టలు, కళ్ళు ఎప్పుడూ బొమ్మ మీదే. మీరు ప్రేక్షకుల్ని చూశారంటే ప్రేక్షకులు మిమ్మల్ని చూస్తారు.

లైట్లు రెండు పక్కల నుంచి 45 డిగ్రీల్లో, 3000 కెల్విన్ వెచ్చటి రంగు. ఎదురు నుంచి పెడితే దారాల నీడలు తెర మీద పడతాయి. కథ చెప్పేవాళ్ళు పక్కన కుర్చీలో, మైక్ లేకుండా, ప్లాస్టర్ గోడల గదిలో మామూలు గొంతే బాగా వినిపిస్తుంది.

పిల్లలు నేల మీద మూడు వరసలు, పెద్దవాళ్ళకి వెనక రెండు వరసల కుర్చీలు, మొత్తం 40 మంది. ఎక్కువమంది వస్తే ఇంకో షో వెయ్యండి, ఆరో వరస మాత్రం వద్దు, అక్కడి నుంచి పాదాలు కనిపించవు.

7. షో రోజు

రెండు గంటల ముందు చేరుకోండి. చలిలో కార్లో ఉన్న బొమ్మల్ని వెంటనే విప్పకుండా గది వేడికి అరగంట అలవాటు పడనివ్వండి. హీటింగ్ పొడి గాలికి చెక్క కుంచించుకుని దారం కట్టిన స్క్రూ రింగులు వదులవుతాయి, ఒక్కోటి వేలితో తిప్పి చూడండి. జేబులో కత్తెర, దారం, రింగులు, చిన్న టార్చి ఉండాలి.

గుమ్మం దగ్గర బూట్ల ట్రేలు పెట్టించండి, మంచూ ఉప్పూ కలిసిన నీళ్ళు పాత చెక్క నేలకి విషం. షోల మధ్య కనీసం గంట గ్యాప్. టైమ్ టికెట్లు ఉంటే లోపల తొక్కిసలాట ఉండదు. ఒక షో లైట్లు పూర్తిగా ఆర్పకుండా, సంగీతం తగ్గించి వెయ్యండి, చప్పుడు తట్టుకోలేని పిల్లలున్న అమ్మానాన్నలు దానికోసమే వెతుక్కుంటూ వస్తారు.

మొదలుపెట్టే ముందు బొమ్మని అందరికీ దగ్గరగా చూపించి పేరు చెప్పి, "ఎలకకి పెద్ద చప్పుడంటే భయం" అని చెప్పండి, నిశ్శబ్దంగా ఉండండని అనాల్సిన పని ఉండదు. ఎవరైనా ఏడిస్తే ఆపకండి, ఎలకని రెండడుగులు వెనక్కి వేయించి దాక్కోబెట్టండి. మధ్యలో దారం తెగితే కంగారు లేకుండా బొమ్మని కూర్చోబెట్టేయండి, కథ చెప్పేవాళ్ళు "అమ్మమ్మకి కాలు నొప్పి" అని అందుకుంటారు, ముందే అనుకుని పెట్టుకోండి ఆ మాట.

అయ్యాక అసలు బొమ్మల్ని పిల్లల చేతికి ఇవ్వకండి, మూడు దారాలతో ఒక మోటు బొమ్మ విడిగా చేసి ఉంచండి, దాన్ని ఒక్కొక్కళ్ళూ నడిపించి చూస్తారు.

8. సర్దుకోవడం

బొమ్మని కంట్రోల్‌తో పట్టుకుని గిరగిరా తిప్పితే తొమ్మిది దారాలూ కలిసి ఒక తాడులా మెలిపడతాయి, కంట్రోల్ కింద రిబ్బన్‌తో కట్టి గుడ్డ సంచిలో దించి వేలాడదియ్యండి, మళ్ళీ వదిలితే అదే విచ్చుకుంటుంది. చిక్కుపడితే లాగకూడదు, స్టాండ్‌కి వేలాడదీసి ముందు మోకాళ్ళ దారాలు, తర్వాత చేతులవి వెతికి, చిక్కులోంచి కంట్రోల్‌నే దూర్చి తియ్యాలి. వేదిక తీశాక నేల మీద గీత గానీ అచ్చు గానీ పడిందేమో ఇంటివాళ్ళతో కలిసి చూడండి, ముందు రోజు తీసిన ఫోటోలు పక్కన పెట్టుకుని. గది కొలతలు, ఏ ప్లగ్గు వాడారు, ఎంతమంది పట్టారు, ఏ సీన్‌లో పిల్లలు కదిలారు అన్నీ ఆ రాత్రే రాసుకుని ఒక కాపీ వాళ్ళకీ పంపండి, వచ్చే డిసెంబర్ తేదీలు చాలాచోట్ల ఎండాకాలంలోనే ఖాయం చేసేస్తారు.